పానగల్ రాజా తెరిచిన తలుపు, మిగిలిపోయిన గడప

పరిగి నుంచో, పెనుకొండ నుంచో, ధర్మవరం నుంచో ఒక విద్యార్థి ఉద్యోగ దరఖాస్తు నింపుతూ కులం గడి దగ్గరకు వస్తాడు. బోయ అయితే బీసీ-ఏ, కురుబ అయితే బీసీ-బీ, మాల మాదిగలైతే ఎస్సీ. ఆ గడి దరఖాస్తులోకి తనంతట తాను వచ్చి చేరలేదు. ప్రభుత్వోద్యోగం ఎవరికి దక్కుతున్నదో కులాలవారీగా లెక్క చూపాలని ఈ దేశంలో ఒక మంత్రివర్గం తన శాఖలన్నిటినీ నిలదీసిన సందర్భం ఒకటి ఉంది. అది 1921 సెప్టెంబరు, మద్రాసు. ఆ మంత్రివర్గానికి నాయకుడు శ్రీకాళహస్తి జమీందారు పానగంటి రామారాయణింగారు. చరిత్రలో ఆయన పేరు పానగల్ రాజా.

చెన్నైలోని త్యాగరాయనగర్‌లో ఆయన పేర పార్కు ఉంది. తమిళనాట సామాజిక న్యాయ చరిత్ర చెప్పుకున్న ప్రతిసారీ ఆయన ప్రస్తావన వస్తుంది. ఆయన పుట్టిన తెలుగు నేలలో మాత్రం ఆయనను గుర్తుచేసుకునేవారు తక్కువ. జస్టిస్ పార్టీని బ్రిటిష్ వారి తోకపార్టీగా తీసిపారేసే జాతీయోద్యమ కథనం ఇందుకు ఒక కారణం. ఆ పార్టీని జమీందార్ల కూటమిగా మాత్రమే చూసిన వామపక్ష కథనం మరొక కారణం. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే బ్రాహ్మణేతరుల ఆవేదనను వినతిపత్రాల స్థాయి నుంచి ప్రభుత్వ ఉత్తర్వుల స్థాయికి చేర్చిన మనిషి జీవితాన్ని ఈ రెండు ముద్రలతో ముగించలేం. ఆయన తెరిచిన తలుపు గుండా ముందు ఎవరు లోపలికి వెళ్లారు, ఎవరు గడప బయటే మిగిలారు అనే ప్రశ్న నేటికీ సజీవంగా ఉంది. ఆయన జీవితాన్ని ఇప్పుడు చదవవలసింది ఆ ప్రశ్న కోసమే.

రామారాయణింగారు 1866 జూలై 9న కాళహస్తిలో పద్మనాయక వెలమ జమీందారీ కుటుంబంలో జన్మించారు. మద్రాసు తిరువల్లిక్కేణిలో ఉన్నత పాఠశాల చదువు, ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతం, ఆ తరువాత న్యాయశాస్త్రం, తత్త్వశాస్త్రం, ద్రావిడ భాషలు చదివారు. ఆయన సామాజిక స్థానంలోని ద్వంద్వాన్ని ఇక్కడే గమనించాలి. ఊరిలో ఆయన ప్రభువు. వర్ణవ్యవస్థ లెక్కలో మాత్రం శూద్రుడు. భూమి, ధనం, సంస్కృత పాండిత్యం అన్నీ ఉన్నా, శాస్త్రం తమకు వేసిన మెట్టు మారదని తెలిసిన వర్గం అది. ఆ అవమానం నిజమైనది. అదే వర్గం తన పొలాల్లో పనిచేసే మాల మాదిగలకు వేసిన మెట్టూ అంతే నిజమైనది. బ్రాహ్మణేతర ఉద్యమపు బలమూ బలహీనతా ఈ ద్వంద్వంలోనే పుట్టాయి.

ఆయన ప్రజాజీవితం ఉత్తర ఆర్కాటు జిల్లా బోర్డుతో మొదలైంది. 1912లో దక్షిణాది భూస్వాముల ప్రతినిధిగా సామ్రాజ్య శాసనమండలికి వెళ్లి 1915 వరకు సభ్యులుగా ఉన్నారు. వైస్రాయి అధ్యక్షతన సాగే ఆ సభ నాటి భారతదేశానికి అత్యున్నత శాసనసభ. అక్కడికి చేరాలంటే జమీందారీయో, వాణిజ్య మండలియో, వేరే ఏదైనా ప్రత్యేక నియోజకవర్గమో కావాలి. సామాన్య రైతుకు అక్కడ గొంతు లేదు. అంటే ఆయన రాజకీయాల్లోకి అడుగుపెట్టిన ద్వారం వర్గ ద్వారమే. 1915లో విశాఖపట్నంలో జరిగిన మూడవ ఆంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఆలోచన అప్పుడప్పుడే గొంతు విప్పుతున్న కాలమది. ఆ వేదిక మీద కనిపించిన ఆంధ్రుడు, ఏడాది తిరిగేసరికి మద్రాసులో మరో వేదిక మీద బ్రాహ్మణేతరుడిగా నిలబడ్డారు. ఈ రెండు అస్తిత్వాలూ ఆయనలో చివరిదాకా కలిసే నడిచాయి.

1916 నవంబరు 20న మద్రాసులో దక్షిణ భారత ప్రజాసంఘం ఏర్పాటైంది. పిట్టి త్యాగరాయ శెట్టి, డాక్టర్ టి.ఎం. నాయర్, సి. నటేశ ముదలియార్ దానికి మూలపురుషులు. పానగల్ రాజా తొలినుంచీ వారితో ఉన్నారు. సంఘం నడిపిన ఆంగ్ల పత్రిక పేరు ‘జస్టిస్’ కావడంతో పార్టీకి కూడా ఆ పేరే స్థిరపడింది. ఆ ఏడాది డిసెంబరులో వెలువడిన బ్రాహ్మణేతర ప్రణాళిక ప్రభుత్వ లెక్కల ఆధారంగానే వాదించింది. నాటి జిల్లా మునసబులు 128 మందిలో 93 మంది బ్రాహ్మణులు, 25 మంది బ్రాహ్మణేతర హిందువులు. జనాభాలో బ్రాహ్మణుల వాటా సుమారు 3 శాతం. డిప్యూటీ కలెక్టర్లలో, సబ్ జడ్జీలలో కూడా ధోరణి ఇదే. ఊరి రైతుకు న్యాయస్థానంలో తీర్పు చెప్పేవాడు, తాలూకా కచేరీలో శిస్తు లెక్క తేల్చేవాడు, బడిలో అక్షరం దిద్దించేవాడు ఒకే కులం నుంచి వస్తుంటే, స్వరాజ్యం వచ్చాక పాలించేది కూడా వారే కదా అన్నది ఆ ప్రణాళిక లేవనెత్తిన సందేహం. అనిబిసెంట్ హోంరూల్ ఉద్యమం ఉధృతంగా ఉన్న సమయంలో ఈ సందేహం చాలామందికి ద్రోహంగా వినిపించింది. వినిపించినా, లెక్కలు తప్పని ఎవరూ నిరూపించలేకపోయారు.

ఈ ప్రశ్నకు కాంగ్రెస్‌లో ఉంటూనే జవాబు వెతికినవారూ ఉన్నారు. అనంతపురం జిల్లా గుత్తిలో ప్లీడరుగా స్థిరపడిన పట్టు కేశవపిళ్లై వారిలో ముఖ్యులు. 1885లో బొంబాయిలో జరిగిన కాంగ్రెస్ తొలి మహాసభకు హాజరైన ఆయన, 1917లో ఏర్పడిన మద్రాసు ప్రెసిడెన్సీ అసోసియేషన్‌కు అధ్యక్షులయ్యారు. స్వపరిపాలన కావాలి, అందులో బ్రాహ్మణేతరులకు న్యాయమైన భాగమూ కావాలి అన్నది ఆ సంఘం వైఖరి. దీనిని బట్టి ఒకటి స్పష్టం. కులం ప్రశ్న జస్టిస్ పార్టీ కల్పన కాదు. మన దత్త మండలంలో, కాంగ్రెస్ లోపల కూడా ఆ ప్రశ్న రగులుతూనే ఉంది. తేడా మార్గంలో ఉంది. కేశవపిళ్లై జాతీయోద్యమాన్ని లోపలి నుంచి సరిదిద్దాలనుకున్నారు. పానగల్ రాజా అధికారాన్ని చేజిక్కించుకుని దాని ద్వారానే సరిదిద్దాలనుకున్నారు.

1919లో మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల బిల్లు బ్రిటిష్ పార్లమెంటు పరిశీలనకు వచ్చినప్పుడు, ఉభయ సభల సంయుక్త సంఘం ముందు వాదన వినిపించేందుకు జస్టిస్ ప్రతినిధులు లండన్ వెళ్లారు. కూర్మా వెంకటరెడ్డి నాయుడు, ఆర్కాటు రామస్వామి ముదలియార్, కోకా అప్పారావు నాయుడులతో పాటు పానగల్ రాజా కూడా ఆ బృందంలో ఉన్నారు. ముందే అక్కడికి చేరిన టి.ఎం. నాయర్ సాక్ష్యం చెప్పకుండానే ఆ జూలైలో లండన్‌లో కన్నుమూశారు. బ్రాహ్మణేతరులకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలన్న కోరిక నెరవేరలేదు. బదులుగా 1920 మార్చిలో మెస్టన్ తీర్పు ప్రకారం మద్రాసు శాసనమండలిలోని సాధారణ స్థానాల్లో 28 బ్రాహ్మణేతరులకు రిజర్వు అయ్యాయి. అణగారిన కులాలకు ఎన్నికయ్యే స్థానం ఒక్కటీ లేదు. గవర్నరు నామినేట్ చేసే అయిదు స్థానాలతో వారు సరిపెట్టుకోవలసి వచ్చింది. బ్రాహ్మణేతరత్వం అనే పెద్ద గొడుగు కింద ఎవరికి నీడ దొరుకుతుందో, ఎవరు వానలో తడుస్తారో ఆ పంపకమే ముందుగా చెప్పింది.

1920 నవంబరులో ఎన్నికలు జరిగాయి. గాంధీ పిలుపుతో కాంగ్రెస్ బహిష్కరించింది. 4 కోట్ల పైచిలుకు జనాభా గల ప్రెసిడెన్సీలో ఓటర్లు సుమారు 12 లక్షల మంది. ఆస్తి, పన్ను చెల్లింపు ఓటుహక్కుకు కొలబద్దలు. ఎన్నికయ్యే 98 స్థానాల్లో జస్టిస్ పార్టీ 63 గెలిచింది. గవర్నరు విల్లింగ్‌డన్ మొదట త్యాగరాయ శెట్టిని ఆహ్వానించగా ఆయన కాదన్నారు. ఎ. సుబ్బరాయలు రెడ్డియార్ మంత్రివర్గానికి నాయకులయ్యారు. పానగల్ రాజాకు స్థానిక స్వపరిపాలన, వెంకటరెడ్డి నాయుడుకు అభివృద్ధి శాఖలు దక్కాయి. ఆరోగ్యం సహకరించక రెడ్డియార్ తప్పుకోగా 1921 జూలై 11న పానగల్ రాజా ఫస్ట్ మినిస్టరయ్యారు. పర్లాకిమిడి ప్రాంతానికి చెందిన ఎ.పి. పాత్రో విద్యాశాఖ చేపట్టారు. అలా ముగ్గురు మంత్రులూ తెలుగు ప్రాంతాలవారే అయ్యారు. ఈ విషయం తమిళ బ్రాహ్మణేతర నాయకులకు మొదటినుంచీ మింగుడుపడలేదు.

ఆయన చేతికొచ్చిన అధికారం ఎంతటిదో కూడా చూడాలి. ద్వంద్వ పాలనలో ఆర్థికం, భూమిశిస్తు, పోలీసు వంటి శాఖలు గవర్నరు కార్యనిర్వాహక మండలి గుప్పిట్లోనే ఉండేవి. విద్య, ఆరోగ్యం, స్థానిక సంస్థలు, దేవాదాయం వంటివి మంత్రులకు దక్కాయి. డబ్బు సంచి ఒకరి చేతిలో, ఖర్చు చేసే బాధ్యత మరొకరి చేతిలో. ఈ ఇరుకు గదిలోనే ఆయన తన పని చేశారు. నియామకాల మీద, పాలక సంస్థల కూర్పు మీద ఆయన దృష్టి పెట్టడానికి ఇదీ ఒక కారణం. వాటికి పెద్దగా ఖర్చు లేదు, ఫలితం మాత్రం తరాలపాటు నిలుస్తుంది.

1921 సెప్టెంబరు 16న వెలువడిన 613 నంబరు ఉత్తర్వు చరిత్రలో తొలి కమ్యూనల్ జీవోగా నిలిచింది. కొత్త సూత్రమేదీ అందులో లేదు. ఒకే కులం చేతిలో ఉద్యోగాలు పోగుపడకూడదన్న నియమం రెవిన్యూ బోర్డు నిబంధనల్లో పందొమ్మిదో శతాబ్దం మధ్యనుంచీ ఉంది. ఎవరూ అమలు చేయని ఆ నియమాన్ని ఈ ఉత్తర్వు అన్ని శాఖలకూ, అన్ని స్థాయులకూ విస్తరించింది. దానికి తోడు ఒక చిన్న పని అప్పగించింది. ప్రతి శాఖాధిపతీ ఆరు నెలలకోసారి తాను ఎవరెవరిని నియమించాడో వర్గాలవారీగా పట్టిక పంపాలి. 1922 ఆగస్టు 15 నాటి రెండో ఉత్తర్వు ఈ విధానాన్ని మరింత బిగించింది. గుమాస్తా చేతిలోని ఆ పట్టికే అసలైన మార్పు. అంతదాకా అర్హత అనే మాట వెనుక దాగిన వివక్ష, అంకెల రూపంలో కాగితం మీదకు వచ్చింది. లెక్క అడగడం మొదలైతే జవాబు చెప్పడమూ మొదలవుతుంది. నేడు కులగణన కోసం పోరాడుతున్నవారు ఈ చిన్న విషయాన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

అయితే ఆ పట్టికలోని గడులు ఏమిటి? బ్రాహ్మణులు, బ్రాహ్మణేతర హిందువులు, భారతీయ క్రైస్తవులు, ముస్లింలు, యూరోపియన్లు-ఆంగ్లో ఇండియన్లు, చివరిగా ఇతరులు. అంటరాని కులాలకు తమ పేరుతో ఒక గడి లేదు. వెలమ జమీందారు, రెడ్డి భూస్వామి, దేవాంగ నేతకారుడు, మంగలి, చాకలి, బోయ, కురుబ అందరూ బ్రాహ్మణేతర హిందువులు అనే ఒకే గడిలో సర్దుకోవాలి. ఆ గడి నిండిందంటే లోపల ఎవరు నిండారో ఎవరికీ తెలియదు. మద్రాసులో చదువుకునే స్తోమత, హాస్టలు వసతి, సిఫార్సు చేసే బంధువు ఉన్నవారే ముందు నిండుతారు. వివక్షను బయటపెట్టిన పట్టికే మరో వివక్షను కప్పిపెట్టింది.

దేవాదాయ చట్టం ఆయన చేపట్టిన మరో పెద్ద పని. మఠాల, దేవాలయాల మాన్యాలు, కానుకలు వంశపారంపర్య ధర్మకర్తల చేతుల్లో లెక్కాజమా లేకుండా సాగుతున్న కాలమది. 1863 తరువాత ప్రభుత్వం దేవాలయాల నిర్వహణ నుంచి తప్పుకోవడంతో, అన్యాయం జరిగితే భక్తులు సివిలు కోర్టు మెట్లెక్కడమే మార్గం. 1922 చివరలో పానగల్ రాజా ప్రవేశపెట్టిన బిల్లు మండలిలో తీవ్ర దుమారం లేపింది. ఎస్. సత్యమూర్తి వంటి స్వరాజ్య నాయకులు దీనిని మతంలో జోక్యమన్నారు. ఎన్నో మలుపులు తిరిగి 1925లో అది చట్టమైంది. న్యాయపరమైన చిక్కులు రావడంతో 1927లో మళ్లీ చట్టం చేయవలసి వచ్చింది. లెక్కల తనిఖీకి, నిర్వహణ పర్యవేక్షణకు కమిషనర్ల బోర్డు ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు టి. సదాశివ అయ్యర్, హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన బ్రాహ్మణుడు. చట్టాన్ని బ్రాహ్మణ ద్వేషమని నిందించినవారికి ఆ నియామకమే సమాధానం.

తిరుమల తిరుపతి దేవస్థానాలకు 1932లో వచ్చిన ప్రత్యేక చట్టానికీ, ఆంధ్రప్రదేశ్‌లో 1966, 1987 దేవాదాయ చట్టాలకూ ఈ బాటే మూలం. దేవుడి సొత్తు ప్రజల సొత్తు, దానికి ప్రజలకు జవాబు చెప్పాలి అన్న సూత్రం అక్కడే పాదుకుంది. కానీ 1925 చట్టం గుడి ఖాతా పుస్తకాన్ని తెరిచిందే తప్ప గుడి వాకిలిని తెరవలేదు. అంటరాని కులాలవారికి ఆలయ ప్రవేశ హక్కును మద్రాసు రాష్ట్రమంతటా చట్టం చేసింది 1947లో. మధ్యలో గడిచిన 22 ఏళ్లలో ఆలయ కమిటీల్లోకి కొత్తగా వచ్చినవారు ఎక్కువగా భూమిగల బ్రాహ్మణేతరులు. గర్భగుడి సంగతి సరే, ధ్వజస్తంభం దాకా కూడా రానివ్వని మాల మాదిగలకు ఆ కమిటీల్లో చోటెక్కడిది?

దళితుల విషయంలో ఆ కాలపు చరిత్ర ఒకే రంగులో లేదు. పంచమ అనే మాట వద్దని భాగ్యరెడ్డి వర్మ 1917లో బెజవాడ సభలో ఆది ఆంధ్ర నామాన్ని ప్రతిష్ఠించారు. ఎం.సి. రాజా శాసనమండలిలో చేసిన ప్రతిపాదన ఫలితంగా 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లను అధికారికంగా స్వీకరించింది. 1924లో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానంతో ప్రభుత్వ రహదారులు, బావులు, కార్యాలయాలు అణగారిన కులాలకూ తెరిచి ఉండాలన్న ఉత్తర్వు వచ్చింది. ఇవన్నీ పానగల్ మంత్రివర్గం కాలంలోనే జరిగాయి. అయితే ఈ చొరవలన్నీ దళిత నాయకుల నుంచి వచ్చినవే. మంత్రివర్గం వాటిని అడ్డుకోలేదు, అలాగని తన భుజాన వేసుకుని ఊరూరా అమలు చేయించనూ లేదు.

1921లో జరిగిన ఒక సంఘటన ఈ పగులును బట్టబయలు చేసింది. ఆ జూన్‌లో మద్రాసు బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల్లో సమ్మె మొదలైంది. ఆకలికి తట్టుకోలేని ఆది ద్రావిడ కార్మికుల్లో చాలామంది తిరిగి పనిలో చేరారు. సవర్ణ కార్మికులకూ వారికీ నడుమ పుళియంతోపులో ఘర్షణలు చెలరేగాయి. గుడిసెలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. త్యాగరాయ శెట్టితో సహా జస్టిస్ నాయకులు పలువురు సవర్ణ కార్మికుల పక్షం వహించారు. అణగారిన కులాల కోసం ఇళ్లస్థలాలు, బావులు, బడుల పని చూస్తున్న లేబర్ కమిషనర్ శాఖే వారిని నెత్తికెక్కించుకుంటున్నదని నిందించారు. ఆ శాఖ గవర్నరు మండలి కింద ఉండేది. పార్టీని మొదటినుంచీ అంటిపెట్టుకున్న ఎం.సి. రాజా 1923 నాటికి విసిగి బయటకు వెళ్లిపోయారు. అధికారంలో వాటా అడిగే ఉద్యమం తనకంటే కిందివారికి వాటా ఇవ్వడానికి సందేహిస్తే, ఆ ఉద్యమపు నైతిక బలం సగం చస్తుంది. జస్టిస్ పార్టీకి ఆ దెబ్బ అప్పుడే తగిలింది. ఫస్ట్ మినిస్టరుగా ఈ బాధ్యతలో పానగల్ రాజాకూ భాగముంది.

స్థానిక సంస్థల్లోనూ ఇదే కథ. 1920 నాటి స్థానిక బోర్డుల, మున్సిపాలిటీల చట్టాలతో తాలూకా, జిల్లా బోర్డులు కలెక్టర్ల నీడ నుంచి బయటపడ్డాయి. నామినేషన్ల అధికారం మంత్రి చేతికి వచ్చింది. పానగల్ రాజా ఆ అధికారాన్ని పార్టీ నిర్మాణానికి నిస్సంకోచంగా వాడుకున్నారు. రోడ్డు, వంతెన, బడి, ఆసుపత్రి మంజూరు చేసే జిల్లా బోర్డు అధ్యక్ష పదవి కోసం రెడ్డి, కమ్మ, వెలమ, కాపు కుటుంబాలు పోటీపడ్డాయి. వకీళ్ల చేతిలోని రాజకీయం భూమిగల రైతు కుటుంబాలకు మారింది. ఆంధ్ర రాజకీయాల్లో నేటికీ కనిపించే సామాజిక సమీకరణాలకు ఆ జిల్లా బోర్డులు తొలి బడులు. ఆ కుటుంబాలు 1930ల తరువాత చాలావరకు కాంగ్రెస్‌లోకి వెళ్లాయి. పార్టీ మారినా పట్టు మారలేదు.

విద్యారంగంలో ఆయన ప్రభుత్వం వేసిన అడుగులు దూరదృష్టి గలవి. 1923లో మద్రాసు విశ్వవిద్యాలయ చట్టం, 1925లో ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం వచ్చాయి. సంస్కృతం చదివిన ఆయన దేశీయ వైద్యాన్ని నిలబెట్టడానికి 1925లో మద్రాసులో భారతీయ వైద్య పాఠశాల తెరిపించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడ కేంద్రంగా మొదలైంది. కేంద్రం ఎక్కడుండాలన్న వివాదంలో అనంతపురం పేరు కూడా బలంగా వినిపించింది. 1916 నుంచే అక్కడ దత్త మండల కళాశాల నడుస్తోంది. చివరకు విశ్వవిద్యాలయం వాల్తేరు చేరింది, దత్త మండలాల కళాశాలలు మళ్లీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందకు వెళ్లాయి. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురానికి విశ్వవిద్యాలయ కేంద్రం కావాలన్న మాట చేరడం వెనుక ఈ అసంతృప్తి ఉంది. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయల పేర విశ్వవిద్యాలయం 1981లో గానీ రాలేదు. ఈ ఆలస్యాన్ని ప్రాంతీయ సమస్యగా మాత్రమే చెప్పుకోవడం అలవాటైంది. వాల్తేరుకో మద్రాసుకో పిల్లవాడిని పంపగలిగిన ఇల్లు ఏది, పంపలేని ఇల్లు ఏది అని అడిగితే అది కులం ప్రశ్న కూడా అవుతుంది.

1923 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ బలం తగ్గినా పానగల్ రాజా మళ్లీ మంత్రివర్గం ఏర్పరిచారు. ఈసారి తమిళుల అసంతృప్తిని చల్లార్చడానికి వెంకటరెడ్డి నాయుడు స్థానంలో టి.ఎన్. శివజ్ఞానం పిళ్లైని తీసుకున్నారు. అయినా తిరుగుబాటు ఆగలేదు. పార్టీ నుంచి విడిపోయిన కట్టమంచి రామలింగారెడ్డి ఆ నవంబరు 27న మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం పెట్టారు. 65-44 ఓట్ల తేడాతో అది వీగిపోయింది. మూడేళ్లకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులైంది ఆ రామలింగారెడ్డే. తనను దించజూసిన ప్రత్యర్థి, తన ప్రభుత్వం నెలకొల్పిన విద్యాపీఠానికి అధిపతి కావడం నాటి రాజకీయంలో మిగిలిన మర్యాదకు ఒక గుర్తు.

1925లో త్యాగరాయ శెట్టి మరణించాక పార్టీ అధ్యక్ష బాధ్యత కూడా పానగల్ రాజాపైనే పడింది. 1926 నవంబరు ఎన్నికల్లో స్వరాజ్య పార్టీ 41 స్థానాలతో ముందు నిలిచింది, జస్టిస్ పార్టీ 21కి పడిపోయింది. ఆ డిసెంబరు 3న ఆయన పదవి వీడారు. స్వరాజ్య పార్టీ మంత్రిపదవులు స్వీకరించనని చెప్పడంతో పి. సుబ్బరాయన్ స్వతంత్ర మంత్రివర్గం వచ్చింది. తరువాతి రెండేళ్లు పానగల్ రాజా ప్రతిపక్షంలో ఉండి, ఆ మంత్రివర్గాన్ని మొదట ఎదిరించి, సైమన్ కమిషన్ తగవులో అది చీలిపోయాక దానికి అండగా నిలిచారు. 1928 డిసెంబరు 16న మరణించారు. తరువాత పార్టీ పగ్గాలు చేపట్టిన బి. మునుస్వామి నాయుడు కాలంలో జమీందార్లకూ ఇతరులకూ నడుమ కలహం ముదిరింది. 1937లో కాంగ్రెస్ చేతిలో పార్టీ పూర్తిగా ఓడింది.

పార్టీ పోయింది, పట్టిక మిగిలింది. సుబ్బరాయన్ మంత్రివర్గంలో మంత్రిగా ఉన్న ఎస్. ముత్తయ్య ముదలియార్ చొరవతో 12 ఉద్యోగాల వంతుల పద్ధతి అమలులోకి వచ్చింది. బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, క్రైస్తవులకూ ఆంగ్లో ఇండియన్లకూ కలిపి 2, అణగారిన కులాలకు 1. ఇతరులలో కలిసిపోయినవారికి ఎట్టకేలకు తమదైన ఒక గడి దక్కింది. 1947లో ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ప్రభుత్వం వంతులను 14కు పెంచి, వెనుకబడిన హిందువులకు విడిగా 2 కేటాయించింది. అంటే బ్రాహ్మణేతర హిందువు అన్న గడి పగలడానికి 26 ఏళ్లు పట్టింది. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కమ్యూనల్ జీవోను కొట్టివేసింది. దానికి జవాబుగా రాజ్యాంగానికి తొలి సవరణ జరిగి 15(4) అధికరణం వచ్చింది. నేటి రిజర్వేషన్లకు రాజ్యాంగ పునాది అలా పడింది.

ఆ తరువాతి చరిత్ర ఆ పెద్ద గడిని చిన్న గడులుగా విడగొట్టే పోరాట చరిత్రే. ఆంధ్రప్రదేశ్‌లో అనంతరామన్ కమిషన్ సిఫార్సులతో 1970లో వెనుకబడిన కులాలు నాలుగు వర్గాలయ్యాయి. ఎస్సీల వర్గీకరణ కోసం మాదిగ దండోరా దశాబ్దాల పాటు సాగింది. 2004లో సుప్రీంకోర్టు కాదన్నది, 2024 ఆగస్టులో ఏడుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం అవునన్నది. ఈ పోరాటాలను ఐక్యతకు చేటుగా చూసేవారు ప్రతి కాలంలోనూ ఉన్నారు. గుంపులో ముందున్నవాడికి ఐక్యత తీయగానే ఉంటుంది. వెనుక ఉన్నవాడు తన వంతు ఏదని అడిగినప్పుడే ఆ ఐక్యత ఎవరి కోసమో తేలుతుంది. 1921లో బ్రాహ్మణేతరులు కాంగ్రెస్‌ను అడిగిన ప్రశ్ననే ఎం.సి. రాజా జస్టిస్ పార్టీని అడిగారు. వెనుకబడిన కులాలు భూమిగల కులాలను అడిగింది అదే, మాదిగలు అడిగింది అదే.

పానగల్ రాజాను మహాపురుషుడిగా పూజించనవసరం లేదు, జమీందారుగా కొట్టిపారేయనవసరమూ లేదు. సామాజిక న్యాయం అనేది సభల్లో చేసే ప్రసంగం కాదని, నియామకాల పట్టికలోనూ, గుడి ఖాతాలోనూ, విశ్వవిద్యాలయ చట్టంలోనూ రాసుకోవలసిన నిబంధన అని ఆయన గ్రహించారు. అది ఆయన ఘనత. ఆ నిబంధన తన వర్గం దాకా వచ్చి ఆగిపోతుంటే ముందుకు నెట్టలేకపోయారు. అది ఆయన హద్దు. నేడు ప్రైవేటు ఉద్యోగాల్లో ఎవరికి ఎంత దక్కుతున్నదో చెప్పే పట్టిక లేదు. ఒప్పంద ఉద్యోగాలు పెరిగేకొద్దీ ప్రభుత్వంలోనూ ఆ లెక్క మసకబారుతోంది. చేనేత మగ్గం దిగిన ధర్మవరం యువకుడూ, గొర్రెల మంద వదిలి డిగ్రీ చేసిన పరిగి యువతీ కోరవలసిన మొదటి హక్కు ఆ లెక్కే. నూరేళ్ల క్రితం ఒక మంత్రివర్గం అడగగలిగిన లెక్కను నేటి ప్రభుత్వాలు ఎందుకు అడగలేకపోతున్నాయన్నదే ఇప్పుడు తేలవలసిన విషయం.